డాక్టరు గది దాకా తోడు వెళ్ళే మనం ఎక్కడ ఆగాలి?

సాయంత్రం బెంచీ

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు. కాస్త పొడుగవుతుంది, ఓపిక చేసుకోండి.

నాకు 67 ఏళ్ళు. మూడేళ్ళ క్రితం బీపీ చూపించుకోడానికి మా ఆరోగ్య కేంద్రానికి వెళ్తే పక్క కుర్చీలో ఒక పెద్దావిడ కూర్చుని ఉన్నారు. ఆవిడ పేరు రెండుసార్లు పిలిచారు. వినపడలేదు. మూడోసారి పిలవకుండా తర్వాతి పేరుకి వెళ్ళిపోయారు. ఆవిడ చేతిలో చీటీ మీద పేరు చూసి "అమ్మా, ఇందాక పిలిచింది మిమ్మల్నే" అన్నాను. ఆవిడ లేవలేదు. చీటీని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుని "పోనీలేమ్మా, ఇంకోరోజు వస్తాను. ఇంతమందిలో మళ్ళీ వెళ్ళి అడగడం బాగోదు" అన్నారు. అప్పుడు చూశాను ఆవిడ పాదాలు. చెప్పుల పట్టీ కండలోకి దిగిపోయేంత వాపు. చెయ్యి పట్టుకుని కౌంటరు దగ్గరికి తీసుకెళ్ళాను. రమ్మంటే లోపలికీ వెళ్ళాను. గుండె బలహీనపడి ఒంట్లో నీరు చేరిందని ఆరోజే తేలింది. ఇంటి నుంచి ఆ కుర్చీ దాకా ఒక్కతే వచ్చిన మనిషి, కుర్చీ నుంచి డాక్టరు గదికి ఉన్న పది అడుగులు దాటలేక వెనక్కి పోబోయింది.

అలా మొదలై ఇప్పుడు పదకొండుమందిమయ్యాం. అందరం 60 దాటినవాళ్ళమే. ఎవరు ఏ రోజు చూపించుకోవాలో ముందే చెప్పుకుంటాం, మాలో ఒకరు తోడు వెళ్తారు. సంఘం పేరంటూ లేదు, చందాలు లేవు.

పోయిన నెల పొరపాటు జరిగింది. మాలో ఒకావిడ, నడుం నొప్పితో విలవిల్లాడుతున్న ఒకాయనకి తను వేసుకునే నొప్పి మాత్రలు పది ఇచ్చింది. మంచి మనసుతోనే ఇచ్చింది. ఆయన అప్పటికే బీపీకి ఒకటి, నీరు పోవడానికి ఒకటి వాడుతున్నారు. వారం తిరిగేసరికి మూత్రం తగ్గిపోయింది, కిడ్నీలు దెబ్బతిన్నాయన్నారు. ఆరు రోజులు ఆసుపత్రిలో ఉండి వచ్చారు. ఇప్పుడు కోలుకుంటున్నారు. వాళ్ళబ్బాయి మా ఇంటికొచ్చి నిలబడి, గొంతు పెంచకుండానే అడిగాడు: "మీరెవరండీ మా నాన్నకి మందులివ్వడానికి?" నా దగ్గర జవాబు లేదు.

మాత్రలిచ్చినావిడ గడప దాటడం మానేసింది. ఇంకో ఇద్దరు "మనకెందుకొచ్చిన గొడవ" అంటున్నారు. ఆపేయాలా? ఆపకపోతే గీత ఎక్కడ గీసుకోవాలి? ఇలాంటి పని చేసినవాళ్ళు, తోడు అందుకున్నవాళ్ళు, పడనివాళ్ళు కూడా చెప్పండి.

పాత నర్సు

అమ్మా, ముందు ఆ మాత్రల సంగతి చెప్తాను. తెలియకపోతే ఇంకో ఇంట్లో మళ్ళీ జరుగుతుంది.

ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు కిడ్నీకి వెళ్ళే రక్తనాళాన్ని ముడుచుకునేలా చేస్తాయి. కొన్ని రకాల బీపీ మాత్రలు కిడ్నీ వడపోత మీద ఒత్తిడి తగ్గిస్తాయి. నీరు పోయే మాత్ర ఒంట్లో ద్రవాన్నే తగ్గిస్తుంది. మూడూ కలిస్తే వడపోత ఒక్కసారిగా పడిపోతుంది, వయసు మీద పడ్డవారిలో మరీను. ఆవిడకి పడ్డ మాత్ర ఆయనకి విషమైంది. మాత్రలో దోషం లేదు, పక్కన ఏమున్నాయో ఎవరూ చూడలేదు.

అందుకని మొదటి గీత ఇది: తోడు వెళ్ళేవాళ్ళ చేతి నుంచి ఇంకొకరి చేతికి మందు వెళ్ళకూడదు. తలనొప్పి మాత్రైనా సరే, మందుల షాపులో చీటీ లేకుండా దొరికేదైనా సరే. జలుబుకీ నిద్రకీ జనం వాడే కొన్ని పాత రకం మాత్రలు పెద్దవాళ్ళలో మూత్రం బిగపట్టేస్తాయి, మనిషిని అయోమయంలో పడేస్తాయి. పెద్దవాళ్ళకి ఏ మందులు జాగ్రత్తగా వాడాలో మార్క్ బీర్స్ అనే అమెరికన్ డాక్టరు 1991లోనే ఒక జాబితా తెచ్చారు. దాన్ని ఇప్పటికీ సవరిస్తూనే ఉన్నారంటే ఎంత చిక్కు వ్యవహారమో చూడండి.

మరి తోడు వెళ్ళేవాళ్ళు మందుల విషయంలో చేయగలిగింది లేదా అంటే, చాలా ఉంది. ఇంట్లో ఉన్న మందులన్నీ ఒక సంచిలో వేయించండి. డాక్టరు రాసినవి, సొంతంగా కొన్నవి, చుక్కలు, పూతలు, మూలికలు, గడువు తీరినవి, పక్కింటివాళ్ళు ఇచ్చినవి, అన్నీ. ఆ సంచి డాక్టరు బల్ల మీద బోర్లించమనండి. నా ఉద్యోగకాలంలో అలా బోర్లించిన సంచిలో ఒకే మందు మూడు వేర్వేరు పేర్లతో బయటపడడం నా కళ్ళతో చూశాను. ఆయన మూడూ వేసుకుంటున్నారు పాపం.

ఆపేయొద్దు. ఆవిణ్ణి మాత్రం ఒంటరిగా వదిలేయకండి.

రెండో అంతస్తు

పడనివాళ్ళు కూడా చెప్పండి అన్నారు కాబట్టి చెప్తున్నాను. కోపంతో రాయడం లేదు.

పేరు రెండుసార్లు పిలిచి వదిలేయడం ఆరోగ్య కేంద్రం తప్పు. దాన్ని సరిచేయాల్సింది వాళ్ళు. మోకాళ్ళ నొప్పులున్న 67 ఏళ్ళ మనిషి పరుగులు పెట్టి ఆ లోటు పూడుస్తుంటే, ఆ లోటు ఉందన్న సంగతే ఎవరి కంటా పడదు. ఇది ఒకటి.

రెండోది మా అమ్మ సంగతి. అమ్మకి పక్షవాతం వచ్చాక మాట నిదానించింది, బుర్ర మాత్రం చురుగ్గానే ఉండేది. నేను ఊళ్ళో లేనప్పుడు ఒక పెద్దమనిషి తోడు వెళ్ళారు. డాక్టరు "ఎలా ఉందమ్మా?" అనడం, అమ్మ మాట కూడదీసుకునేలోపు ఆయన "బాగానే ఉందండీ, నిద్ర పట్టడం లేదంతే" అనడం. తర్వాత డాక్టరు అమ్మ వైపు చూడనేలేదు, ఆయనతోనే మాట్లాడారు. అమ్మ చెప్పాలనుకున్నది మింగడం కష్టంగా ఉందని. పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోయి నిమోనియా వచ్చాక గానీ ఆ మాట బయటికి రాలేదు. ఇంటికొచ్చాక అమ్మ నాతో అన్న మాట: "నన్ను కుర్చీని తీసుకెళ్ళినట్టు తీసుకెళ్ళారురా."

సాయం చేసేవాళ్ళకి తాము ఎంత చోటు ఆక్రమిస్తున్నారో తెలియదు. మీ గీతల్లో ఇదీ ఒకటి ఉండాలి.

చేతికర్ర

రెండో అంతస్తు గారూ, మీ అమ్మగారి మాట చదివి కాసేపు ఫోను పక్కన పెట్టేశాను.

నేను అవతలి వైపు మనిషిని, తోడు అందుకున్నవాణ్ణి. 74 ఏళ్ళు. నా కథ చెప్పడానికి కాస్త సిగ్గుగానే ఉంది, అయినా ఈ వేదికలో చదివే మగవాళ్ళలో ఎవరికైనా పనికొస్తుందని చెప్తున్నాను.

రెండేళ్ళు నాకు మూత్రం సరిగా వచ్చేది కాదు. రాత్రి ఐదారుసార్లు లేవడం, నిలబడి నిలబడి చుక్కలు చుక్కలుగా పోవడం. బయటికి వెళ్తే ముందు మరుగుదొడ్డి ఎక్కడుందో వెతుక్కోవడం. తర్వాత బయటికి వెళ్ళడమే మానేశాను. మా అబ్బాయి నెలకోసారి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేవాడు. వాడు పక్కనుండగా "షుగరు మందులు ఇయ్యండి చాలు, అంతా బాగానే ఉంది" అనేవాణ్ణి. నా బిడ్డ ముందు ఆ మాట నోట రాలేదు. వాడికి నేను ఇంకా సైకిలు నేర్పిన నాన్ననే. ఆ నాన్నని పోగొట్టుకోవడం ఇష్టం లేకపోయింది.

మా వీధిలో నా ఈడు ఆయన ఒకరున్నారు. బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. నేను సాయంత్రం నడకకి రావడం లేదేమని ఇంటికొచ్చారు. ఏవో రెండు మాటలయ్యాక, నేనేమీ అడక్కుండానే, "నాకు పోయినేడు మూత్రం బిగుసుకుపోయి గొట్టం వేశారండీ, ఇప్పుడు మందుతో హాయిగా ఉంది" అన్నారు. అంతే. నా నోట్లోంచి రెండేళ్ళది ఒక్కసారిగా వచ్చేసింది. ఆయన సలహా ఏమీ చెప్పలేదు. "ఎప్పుడు వెళ్దాం?" అన్నారు.

ఆరోగ్య కేంద్రం వరండాలో కూర్చోబెట్టి అడిగారు, "లోపలికెళ్ళి మొదటి మాట ఏమంటారు?" నేను "కొంచెం ఇబ్బందిగా..." అని మొదలుపెట్టాను. "అలా అంటే డాక్టరు గ్యాసు మాత్ర రాస్తారు. మూత్రం సరిగా రావడం లేదు అనండి. ఒకసారి నాతో అనండి" అన్నారు. అన్నాను. మెల్లగా అన్నాను. ఇంకోసారి అనిపించారు. మూడోసారికి మామూలు మాటైపోయింది. పిలిచినప్పుడు ఆయన లేవలేదు. "నేనిక్కడే ఉంటాను, కావాలంటే తలుపు తీసి పిలవండి" అన్నారు. లోపలికి నేనొక్కణ్ణే వెళ్ళి, కూర్చోకముందే ఆ మాట చెప్పేశాను.

ప్రోస్టేటు పెరిగిందన్నారు. క్యాన్సరు కాదని పరీక్షలో తేలింది. ఇప్పుడు రాత్రి ఒకసారే లేస్తున్నాను.

ఆ పనికి డాక్టరు చదువు అక్కర్లేకపోయింది. నాకు వచ్చిన జబ్బు ఆయనకీ వచ్చి ఉండడమే కావాల్సి వచ్చింది. మా అబ్బాయి ఎంత మంచివాడైనా "నాకూ అంతే నాన్నా" అనలేడు కదా.

కౌంటరు వెనక

నేను ఒక ఆరోగ్య కేంద్రంలో పేర్లు పిలిచే మనిషిని. మొదటి పోస్టులో పిలిచింది నేను కాకపోవచ్చు, కానీ అలా ఎంతమందిని దాటించి ఉంటానో అనిపించి నిన్న రాత్రి నిద్ర పట్టలేదు.

రెండో అంతస్తు గారు అన్నది నిజం. అది మా తప్పే. ఇవాళ్టి నుంచి నేను మొదలుపెట్టిన పని ఇది: చీటీ రాసేటప్పుడే "పిలిస్తే వినపడుతుందా, దగ్గరికొచ్చి చెప్పమంటారా?" అని అడుగుతున్నాను. చీటీ మూలన చిన్న గుర్తు పెట్టుకుంటున్నాను. గుర్తున్నవారి దగ్గరికి లేచి వెళ్తున్నాను. పొద్దుట్నుంచీ ఎంతమంది "దగ్గరికొచ్చి చెప్పమ్మా" అన్నారో. ఇన్నేళ్ళలో నేనెప్పుడూ ఈ ప్రశ్న అడగలేదు.

తోడు వచ్చేవాళ్ళకి ఇటువైపు నుంచి రెండు మాటలు. రమ్మన్న తేదీకి పెద్దవాళ్ళు రాకపోతే "వీళ్ళకి పట్టింపు లేదు" అనుకుంటాం. చాలాసార్లు మెసేజి వెళ్ళిన నంబరు ఎప్పుడో మార్చేసిన నంబరో, కొడుకు నంబరో అయి ఉంటుంది. తోడు వచ్చిన మొదటిరోజే రిజిస్టర్లో ఏ నంబరుందో చదివించుకోండి. ఇక ఓటీపీ అడిగితే పెద్దవాళ్ళు ఫోను మీ చేతికి ఇచ్చేస్తారు, పాస్‌వర్డు కూడా చెప్పేస్తారు. తీసుకోకండి. ఫోను వాళ్ళ చేతిలోనే ఉంచి వేలుతో చూపించండి. ఆలస్యమైతే కానివ్వండి, వెనకవాళ్ళని నేను చూసుకుంటాను. రేపు ఎక్కడైనా డబ్బు పోతే మొదటి అనుమానం మీ మీదే పడుతుంది.

ఇంకోటి. ఉదయం రద్దీలో కాకుండా, రద్దీ తగ్గే వేళకి రమ్మనమని అడగండి. ఆ వీలు ఉందని మేం చెప్పం, అడిగితే ఇస్తాం. ఇలా చెప్పాల్సి రావడం నాకే బాగోలేదు.

నోట్‌బుక్

ఇలాంటి పని పెద్దవాళ్ళు చేసి చూపించిన చోటు ఒకటి చెప్తాను. జింబాబ్వే రాజధాని హరారేలో 2006లో డిక్సన్ చిబాండా అనే సైకియాట్రిస్టు మొదలుపెట్టారు. ఆయన దగ్గర వైద్యం పొందుతున్న ఒక యువతి ఆత్మహత్య చేసుకుంది. ఆసుపత్రికి రావడానికి ఆ కుటుంబం దగ్గర బస్సు ఛార్జీకి డబ్బు లేకపోయిందట. వైద్యం ఉంది, డాక్టరున్నాడు, మధ్యలో దారి లేదు. ఆ దేశంలో సైకియాట్రిస్టులు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. ఉన్నది ఎవరయ్యా అంటే, ఆరోగ్య కార్యకర్తలుగా పనిచేస్తున్న నాయనమ్మలు, అమ్మమ్మలు. మొదట పద్నాలుగుమంది. క్లినిక్ ఆవరణలో చెట్టు కింద ఒక చెక్క బెంచీ వేసి వాళ్ళని కూర్చోబెట్టారు. దాన్నే ఫ్రెండ్‌షిప్ బెంచ్ అన్నారు.

వాళ్ళు డిప్రెషన్ అనే మాట వాడలేదు. అక్కడివాళ్ళు షోనా భాషలో కుఫుంగిసిసా అంటారు, మితిమీరి ఆలోచించడం అని అర్థం. ఆ మాటతోనే మాట్లాడారు. 24 క్లినిక్కుల్లో 573 మందితో చేసిన అధ్యయనం 2016లో అచ్చయింది. మామూలు వైద్యం పొందినవారి కంటే బెంచీ మీద కూర్చున్నవారి బాధ ఆరు నెలల తర్వాత స్పష్టంగా తక్కువగా ఉంది.

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో కేట్ లోరిగ్ బృందం తయారుచేసిన కార్యక్రమం ఇంకోటి. కీళ్ళనొప్పులు, షుగరు, గుండెజబ్బు లాంటి దీర్ఘకాలపు జబ్బులున్నవాళ్ళు వారానికోసారి రెండున్నర గంటలు, ఆరు వారాలు కలుస్తారు. నడిపేవాళ్ళు ఇద్దరు. వాళ్ళలో కనీసం ఒకరు అలాంటి జబ్బుతో బతుకుతున్న మామూలు మనిషి. చేతికర్ర గారి లెక్కల మాస్టారు ఏ శిక్షణా లేకుండా చేసింది ఆ దారిలోదే.

వీటన్నిటికీ వర్తించే మాట ఒకటి కూడా. ప్రపంచ దేశాలు కలిసి 1978లో చేసిన ఆల్మా అటా ప్రకటనలో, ఆరోగ్య సేవల్ని రూపొందించడంలో పాలుపంచుకోవడం ప్రజల హక్కు, బాధ్యత అని రాశారు. కాబట్టి "మీరెవరండీ?" అన్న ప్రశ్నకి మీ దగ్గర జవాబు లేకపోలేదు. మాత్రల విషయంలోనే లేదు.

రెండో అంతస్తు

నోట్‌బుక్ గారూ, ఆ నాయనమ్మలకి శిక్షణ ఇచ్చారు. ఎవర్ని తాము చూడగలరో, ఎవర్ని పైవాళ్ళకి పంపాలో తేల్చడానికి ప్రశ్నల పట్టిక ఇచ్చారు. వాళ్ళ వెనక పర్యవేక్షించే మనిషి ఉన్నాడు. బెంచీ ఒక్కటే ఉండి ఇవేమీ లేకపోతే అది వేరే కథ అయ్యేది. సాయంత్రం బెంచీ గారి బృందం వెనక ఎవరున్నారు? పదకొండుమందికి సందేహమొస్తే ఎవర్ని అడుగుతారు? నా అభ్యంతరమల్లా ఇదే.

సాయంత్రం బెంచీ

ఎవరూ లేరండీ. మీరు అడిగేదాకా ఆ లోటు నాకు కనపడలేదు. ఆ రోజు ఆవిడకి ఫోను చేసి అడగడానికి ఒక నర్సుంటే, మాత్రలిచ్చేది కాదు. "అడిగి చెప్తానండీ" అనేది.

ఇవాళ మా కేంద్రంలో నర్సమ్మని కలిశాను. జరిగింది దాచకుండా చెప్పాను. తిడతారనుకున్నాను. పదిహేను రోజులకోసారి ఒక గంట కూర్చుంటానన్నారు.

దూరంగా ఉన్న కూతురు

నేను అమ్మకి దూరంగా ఉద్యోగం చేస్తున్నాను. అమ్మకి తోడు వెళ్ళే ఆవిణ్ణి నేను అక్కయ్యా అనే పిలుస్తాను. ఆవిడ లేకపోతే నాకు రాత్రిళ్ళు నిద్ర ఉండేది కాదు. అయినా ఒక గొడవ జరిగింది, అది చెప్పాలి.

అమ్మ స్నానాల గదిలో పడింది. దెబ్బ పెద్దది కాదు. "అమ్మాయికి చెప్పకు, ఉద్యోగం వదిలేసి వచ్చేస్తుంది" అని అక్కయ్యతో ఒట్టు వేయించుకుంది. అక్కయ్య రెండు రోజులు ఆగి, భయమేసి నాకు ఫోను చేసింది. నేను అమ్మకి ఫోను చేసి ఏడ్చాను. అమ్మ అక్కయ్యతో మాట్లాడ్డం మానేసింది. నెల రోజులు డాక్టరు దగ్గరికే వెళ్ళలేదు. అక్కయ్య తప్పు చేసిందని ఇప్పటికీ అనలేను. ఒట్టు నిలబెట్టుకుని ఉండి అమ్మ మళ్ళీ పడి తుంటి విరిగితే ఏమనేదాన్ని?

చివరికి ముగ్గురం కూర్చుని అమ్మనే అడిగాం. ఏం జరిగితే నాకు చెప్పొచ్చు, ఏం చెప్పకూడదు? అమ్మే చెప్పింది, అక్కయ్య రాసింది. పడితే చెప్పాలి. ఆసుపత్రిలో చేరిస్తే చెప్పాలి. మతి తప్పినట్టు మాట్లాడితే చెప్పాలి. డాక్టరుతో ఏడిస్తే చెప్పకూడదు. ఆ చివరిది అమ్మ చెప్తుంటే నేను గోడ వైపు చూస్తూ కూర్చున్నాను. కానీ అది ఆవిడ హక్కు. ఆ కాగితం ఫ్రిజ్ తలుపు మీద ఉంది, కింద అమ్మ సంతకం ఉంది. ఇలాంటిది పడక ముందే అడిగి రాసుకోవాలి.

మూడో కుర్చీ

ఇక్కడ ఎవరూ అనని మాట ఒకటి ఉంది. మనకి తోడు వచ్చేవాళ్ళు కూడా ముసలివాళ్ళే.

నేనూ, నా స్నేహితుడూ తొమ్మిదేళ్ళు కలిసి వెళ్ళాం. నాకు చూపు తక్కువ, అతనికి వినికిడి తక్కువ. బోర్డు మీద నంబరు అతను చదివేవాడు, పిలిచిన పేరు నేను వినేవాణ్ణి. ఇద్దరం కలిపి ఒక మనిషంత పని అని నర్సులు నవ్వేవారు. అతను పోయాడు. అతని దినాలన్నీ అయ్యాక నాకు కంటి పరీక్ష తేదీ వచ్చింది. వెళ్ళలేదు. తర్వాతిదీ వెళ్ళలేదు. ఎనిమిది నెలలు. నాకు గ్లాకోమా ఉంది, కంటి నరం మెల్లగా దెబ్బతినే జబ్బు. చుక్కలు అయిపోయినా తెచ్చుకోలేదు. ఆ హాల్లో పక్క కుర్చీ ఖాళీగా ఉంటుందని వెళ్ళలేదు, ఇంకే కారణమూ లేదు. గ్లాకోమాలో పోయిన చూపు తిరిగి రాదు. నాకు ఆ ఎనిమిది నెలల్లో ఎడమ కంట్లో కొంత పోయింది.

అందుకని సాయంత్రం బెంచీ గారికి నా మనవి. జంటలుగా పెట్టుకోకండి. ముగ్గురు ముగ్గురుగా పెట్టుకోండి. ఒకరికి జ్వరమొస్తే ఇంకొకరుంటారు. ఒకరు పోతే, మిగిలిన ఇద్దరూ కలిసి ఏడవడానికైనా ఉంటారు. ఒకరు పొరపాటు చేస్తే "అదేమిటమ్మా, అడిగావా?" అనడానికి మూడో నోరు ఉంటుంది. ఆ మాత్రలు ముగ్గురి మధ్య చేతులు మారి ఉంటే ఎవరో ఒకరు ఆగమనేవారని నా నమ్మకం.

పాత నర్సు

మూడో కుర్చీ గారూ, చుక్కలు ఇప్పుడు వేసుకుంటున్నారు కదా? ఆ సంగతి ముందు చెప్పండి.

ఆ పదిహేను రోజుల గంటలో నర్సమ్మ ఏం చెప్పాలో నన్నడిగితే, జబ్బుల పేర్లు వద్దు. రెండు మూడు పనులు చేయించాలి.

ఒకటి, బయటికొచ్చాక మాట తిప్పి చెప్పించుకోవడం. డాక్టరు చెప్పినదాంట్లో 40 నుంచి 80 శాతం అప్పటికప్పుడే మర్చిపోతామని 2003లో ఒక వైద్య పత్రికలో వచ్చింది. "అర్థమైందా?" అని అడిగితే ఎవరైనా ఆ అనే అంటారు. "డాక్టరుగారు ఏమన్నారో నాకు చెప్పండి, నేను సరిగా విన్నానో లేదో చూసుకుంటాను" అనండి. చెప్తూ చెప్తూ ఎక్కడ ఆగిపోతారో అక్కడే తిరిగి లోపలికి వెళ్ళి అడగాలి. గేటు దాటక ముందే.

వినికిడి తగ్గినవారితో అరవకండి. వయసుతో ముందు పోయేది సన్నని శబ్దాలు. సకారాలు, తకారాలు జారిపోతాయి. అరిస్తే మోత పెరుగుతుంది తప్ప మాట తేటపడదు. వెలుగున్న వైపు నిలబడి, మొహం కనపడేలా, నిదానంగా మాట్లాడాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో పెద్దవాళ్ళ కోసం తెచ్చిన కరదీపికలో ఎవరైనా చూడగల చిన్న పరీక్షలున్నాయి. చేతుల ఆసరా లేకుండా కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవడం 14 సెకన్లలో అవుతోందా? మూడు నెలల్లో అనుకోకుండా 3 కిలోలకి మించి తగ్గారా? కాదంటే, అవునంటే, తేల్చేది మనం కాదు. "ఇలా ఉందండీ" అని నర్సుకి చెప్పడమే.

ఇక ఆగకూడనివి. నిన్నటిదాకా బాగున్న మనిషి ఇవాళ హఠాత్తుగా తికమకగా మాట్లాడితే "వయసు కదా" అనకండి. మూత్రంలో ఇన్ఫెక్షనో, నిమోనియానో జ్వరం కూడా లేకుండా అలా బయటపడొచ్చు. గుండెపోటు పెద్దవాళ్ళలో ఛాతీ నొప్పి లేకుండా ఆయాసంగా, నీరసంగా, చెమటగా రావచ్చు. మూతి వంకర పోయినా, ఒక చెయ్యి పడిపోయినా, మాట తడబడినా వచ్చే మంగళవారం తోడు వెళ్దాం అనుకోకూడదు. వెంటనే అంబులెన్సు. ఎప్పటి నుంచి అలా ఉందో టైము చూసి గుర్తుపెట్టుకోవాలి, అక్కడ డాక్టరు మొదట అడిగేది అదే.

మూడో కుర్చీ

వేసుకుంటున్నానమ్మా. రాత్రి తొమ్మిదింటికి. మా మనవరాలు సీసా మీద పెద్ద రబ్బరు బ్యాండు చుట్టింది, చేతికి తగిలితే ఏదో తెలుస్తుంది.

రెండో అంతస్తు

మా అమ్మ ఇప్పుడు లేదు. ఉంటే నర్సు గారి మాటల్లో ఆ తిప్పి చెప్పించుకోవడం ఆవిడకి నచ్చేది. అందులో మాట్లాడేది పెద్దావిడ, వినేది తోడు వచ్చినవాళ్ళు. నాకు సెలవురోజు ఆదివారం కాదు, బుధవారం. మా దగ్గర ఇలాంటి బృందం ఏదైనా ఉందేమో కనుక్కుంటున్నాను. కారు నడపగలను. లోపలికి రమ్మంటేనే వస్తాను.

సాయంత్రం బెంచీ

మూడు వారాలైంది, ఏం జరిగిందో చెప్పకపోతే బాగోదు.

నర్సమ్మ రెండుసార్లు కూర్చున్నారు. మొదటిరోజు మందుల సంచి బోర్లించడమే సరిపోయింది. మా పదకొండుమందివే ముందు బోర్లించాం. నా సంచిలోనే గడువు తీరినవి నాలుగు దొరికాయి. ముగ్గురేసి చొప్పున సర్దుకున్నాం, ఒక గుంపులో ఇద్దరే మిగిలారు. "నాకు తెలియదు, అడిగి చెప్తాను" అన్న మాట ఒక్కొక్కరితో పైకి అనిపించాను. చేతికర్ర గారి మాస్టారి పద్ధతే. మొదట నోరు తిరగలేదు మాకు. అన్నీ తెలుసన్నట్టు మాట్లాడి మాట్లాడి అలవాటైపోయింది.

మాత్రలిచ్చినావిడ మాత్రం రాలేదు. నేను రెండుసార్లు వెళ్ళాను. తలుపు తీసింది, కూర్చోమంది, ఆ మాట ఎత్తితే కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. "నా చేతికి ఇంకెవరూ రావొద్దక్కా" అంది.

మొన్న ఆ పెద్దాయనే వెళ్ళారు, కిడ్నీలు దెబ్బతిన్న ఆయన. వాళ్ళబ్బాయి వద్దంటున్నా వెళ్ళారట. గడప దగ్గర నిలబడి, క్షమించాననీ అనలేదు, పర్లేదనీ అనలేదు. "గురువారం రక్తపరీక్ష ఉందమ్మా. సూది గుచ్చేటప్పుడు నాకు కళ్ళు తిరుగుతాయి. ఎవరైనా మాట్లాడుతూ ఉంటే తెలియదు. మీరు బాగా మాట్లాడతారు" అన్నారు.

గురువారం ఎనిమిదింటికి ఆవిడ వీధి చివర నిలబడి ఉంది. చేతిలో సంచి లేదు, ఒక కాగితం, పెన్ను. ఆయన వాడే మందుల పేర్లన్నీ వాళ్ళబ్బాయిని అడిగి రాయించుకుని వచ్చింది. ఆ అక్షరాలు అబ్బాయివి. పరీక్ష గదిలో ఆయన ఎడమ చెయ్యి చాపితే, ఆవిడ కుడివైపు కుర్చీ లాక్కుని కూర్చుని చిన్నప్పటి వానాకాలం సంగతి ఏదో మొదలుపెట్టింది. నేను మూడో మనిషిని కాబట్టి గుమ్మం బయట నిలబడ్డాను. సూది ఎప్పుడు గుచ్చారో ఆయన గమనించలేదు.